ఆత్మశోధనా, ఆత్మపరిశీలనా? వివేకమా, వివేచనా?

సందేహం: మా మఠం గుణుపురం దగ్గర. తెలుగు, ఒడియా, సవర మాట్లాడే అక్కచెల్లెళ్లం కలిసి ఉంటాం. వేళల పట్టీలో మధ్యాహ్నం, రాత్రి గడిచిన వేళను దేవుని ఎదుట తరచి చూసుకుంటూ చేసే ఎగ్జామెన్‌కు ‘ఆత్మశోధన’ అని రాశాం. ఒక పెద్ద సిస్టరు ‘ఆత్మవిచారణ’ అనాలన్నారు, ఇంకొకరు ‘మనస్సాక్షి పరీక్ష’ అన్నారు. మనసులోని ప్రేరణల్లో ఏది దేవునిదో తూచి చూసే డిసెర్న్‌మెంట్‌కు కూడా వివేకం, వివేచన, నిర్ణయం అని మూడు మాటలు వాడుతున్నాం. ధ్యానం, మననం ఒకటేనా? ఏది ఒప్పో చెప్పగలరు.
– ఒక మఠకన్య, రాయగడ జిల్లా

సమాధానం: సిస్టర్ గారూ, మీరు రాసిన మాటల్లో తప్పుమాట ఒక్కటీ లేదు. నిఘంటువు తెరిస్తే అన్నిటికీ చోటుంది. చిక్కు ఎక్కడంటే, వీటిలో కొన్ని కతోలిక తెలుగులో ఎప్పుడో వేరే పనికి కుదురుకున్నాయి. మరికొన్ని ఒడియా చెవికి చేరగానే వేరే అర్థం పుచ్చుకుంటాయి. మీ మఠంలో రెండు చెవులకూ సరిపోయే మాట వేసుకోవాలి.

‘శోధన’ సంగతి చూడండి. సంస్కృతంలో దానికి వెదకడం, శుద్ధి చేయడం అని అర్థాలు. పరిశోధన, సంశోధన అన్నప్పుడు ఆ అర్థమే. కాని క్రైస్తవుల తెలుగులో శోధన అంటే పాపంవైపు లాగే ప్రలోభం. పరలోక జపంలో రోజూ వచ్చేది అదే. శోధనలో పడనివ్వవద్దని వేడుకొని, ఆ వెంటనే ‘ఆత్మశోధన’కు కూర్చోమంటే, కొత్తగా చేరిన అమ్మాయికి ‘ఇవాళ నన్ను ఏయే శోధనలు తాకాయి’ అని లెక్కపెట్టడమే పనిగా తోస్తుంది. పేరు పక్కదారి పడితే పనీ పక్కదారి పడుతుంది. ఈ సాధన మొదలయ్యేది పాపాల లెక్కతో కాదు, కృతజ్ఞతతో.

‘విచారణ’ ఇంకా ఇరకాటం. కతోలికులకు విచారణ అంటే ఒక గురువు పాలనలో ఉండే సంఘం. అందుకే ‘విచారణ గురువులు’ అంటాం. గుడి బయట విచారణ అంటే పోలీసులదో, కోర్టుదో. దాని చుట్టమైన ‘విచారం’ తెలుగులో దిగులైపోయింది. ఒడియాలో ‘బిచార’ అంటే తీర్పు, ‘బిచారక’ అంటే న్యాయాధిపతి. ఇన్ని వాసనలున్న మాట ఎదురుపడితే బోనులో నిలబడినట్లుంటుందే గాని దేవుని ఎదుట కూర్చున్నట్లుండదు. మీ పెద్ద సిస్టరు తాత్త్విక గ్రంథాల ‘ఆత్మవిచారం’ దృష్టిలో పెట్టుకొని అన్నారేమో. అక్కడది గొప్ప మాటే, కాని ‘నేనెవరు’ అనే ప్రశ్నకు చెందింది. మీరు వేసుకునే ప్రశ్న అది కాదు: ఈ రోజు దేవుడు ఎక్కడ పిలిచాడు, నేనెలా పలికాను?

‘పరీక్ష’ అన్నవారు ఎగ్జామెన్‌ను ఎగ్జామ్ అనుకున్నారు. లాటిన్‌లో ఎగ్జామెన్ అంటే తక్కెడ ముల్లు అని ఒక అర్థం. మార్కులు వేసే పరీక్ష కాదిది, తూకం. ఒకటి గుర్తుంచుకోండి, ఈ ముల్లు దగ్గరికి మళ్లీ వస్తాం.

నా ఓటు ‘ఆత్మపరిశీలన’కు. శీలనం అంటే పదే పదే చేయడం, అలవరచుకోవడం. రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున చేసే పనికి తగిన పేరు. యేసుసభ స్థాపకుడు పునీత లొయోలా ఇగ్నేషియస్ రాసిన ‘ఆధ్యాత్మిక సాధనలు’ పుస్తకం (పోపు ఆమోదం పొందింది 1548లో) దీనికి అయిదు మెట్లు చెబుతుంది. పొందిన మేళ్లకు కృతజ్ఞత. తన పాపాన్ని గుర్తించి విడిచిపెట్టే వరం కోసం వేడుకోలు. నిద్ర లేచినప్పటినుంచి ఇప్పటిదాకా గంట గంటా తరచి చూడడం, అదీ ముందు తలపులు, తర్వాత మాటలు, ఆపైన చేతలు. క్షమాపణ. చివర దిద్దుకునే సంకల్పం, దానితో పరలోక జపం. మూడో మెట్టు మీదే పావుగంటా కరిగించేయడం సాధారణంగా జరిగే పొరపాటు. దానివల్ల కృతజ్ఞత ఒక్క వాక్యంగా, సంకల్పం ‘ఇకమీదట బాగుంటాను’ అనే గాలిమాటగా మిగులుతాయి. సంకల్పాన్ని తెలుగులో క్రియతో, వేళతో రాయించండి: ‘రేపు వంటింట్లో మాట తూలకుండా ఉంటాను’. ‘ఓర్పు కలిగియుందును’ అని రాస్తే అది ఎవరి సంకల్పమైనా కావచ్చు.

ఒకే లోపాన్ని పట్టుకొని చేసేది వేరే ఉంది. ఇంగ్లీషులో పర్టిక్యులర్ అన్నారని ‘ప్రత్యేక ఆత్మపరిశీలన’ అంటున్నారు. ‘ప్రత్యేకం’ అనగానే పండగ రోజుదనిపిస్తుంది. ‘ఒకే లోపం మీద పరిశీలన’ అంటే చాలు. ఉదయం లేవగానే తలచుకోవడం, మధ్యాహ్న భోజనం తర్వాత ఒకసారి, రాత్రి భోజనం తర్వాత ఒకసారి లెక్క చూడడం. రోజుకు రెండు గీతలు గీసి, తప్పినన్ని సార్లు చుక్కలు పెట్టమని ఇగ్నేషియస్ చెప్పాడు. మధ్యాహ్నం చుక్కలను రాత్రి చుక్కలతో, నిన్నటిని ఇవాళ్టితో పోల్చుకోవాలి. పక్క సిస్టరు చుక్కలతో పోల్చుకొనేది కాదు.

ఇక అసలు మాట, డిసెర్న్‌మెంట్. ఇక్కడ ‘వివేచన’ను మించింది లేదు. కొరింథీయులకు రాసిన మొదటి లేఖ 12:10లో మన పాత అనువాదకులు ‘ఆత్మల వివేచన’ అనే పెట్టారు. వారు ఆలోచించి పెట్టారో, చేతికందింది పెట్టారో గాని, గురి తప్పలేదు. లాటిన్ మాటకు మూలమైన క్రియకు జల్లించడం, వేరుచేయడం అని అర్థం. సంస్కృతంలో ‘విచ్’ ధాతువుకూ అదే, పొట్టు నుంచి గింజను వేరుచేయడం. ఆ ధాతువు నుంచే వివేచన, వివేకం రెండూ పుట్టాయి. ఒకే తల్లి పిల్లలే అయినా వివేకం మనిషిలో ఉండే గుణం, వివేచన మనిషి చేసే పని. ‘ఆయన వివేకి’ అంటాం. ‘నేను నెల రోజులుగా వివేకం చేస్తున్నాను’ అనం. పైగా ఒడియాలో ‘బిబేక’ అంటే మనస్సాక్షి. మీ ఒడియా అక్కలు ‘వివేకం కోసం ప్రార్థిద్దాం’ అన్న మాటను ‘మనస్సాక్షి కోసం’ అని వింటారు. ‘బిబేచనా’ అంటే వారికీ ఆలోచించి తూచడమే కాబట్టి వివేచనతో ఆ చిక్కు లేదు.

నిర్ణయం వివేచన చివర వచ్చేది. రెంటినీ ఒకటి చేస్తే జరిగే నష్టం మాటలోనే కనిపిస్తుంది: ‘వివేచన తీసుకున్నాను’ అని రాస్తున్నారు. ‘నిర్ణయం తీసుకున్నాను’కు నకలు అది. వివేచన తీసుకునేది కాదు, చేసేది. వరం అన్న అర్థంలో ‘పొందేది’ కూడా. ‘వివేచించాను’ అనండి, ‘వివేచన చేసి ఫలానా నిర్ణయానికి వచ్చాను’ అనండి. బదిలీ కాగితం ముందే సిద్ధం చేసుకొని ‘రండి వివేచన చేద్దాం’ అంటే, ఆ మాటకు అందులో పనిలేదు.

సవర ఇళ్ల నుంచి వచ్చిన అమ్మాయిలకు వివేచన అన్న మాట బరువనిపిస్తే చేట చూపించండి. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకొని ఆ భాషకు నిఘంటువు కట్టినవారు. వాడుక మాటకు పెద్దపీట వేసిన ఆయన ఊరికి ఇంత దగ్గరలో ఉండి మనం ధాతువులు వల్లించనక్కర్లేదు. బియ్యం శుభ్రం చేయడంలో రెండు పనులున్నాయి కదా. చేటలో చెరిగితే పొట్టు ఎగిరిపోతుంది, కంటికి తెలుస్తుంది. కాని బియ్యమంత తెల్లగా, బియ్యమంతే ఉన్న రాయి చెరిగితే పోదు. నీళ్లలో గాలించాలి, నెమ్మదిగా తిప్పాలి, అడుగున మిగిలినదాన్ని చూడాలి. ఇగ్నేషియస్ ఆత్మల వివేచనకు రెండు వరుసల నియమాలు రాశాడు. మొదటి వరుస 14, రెండోది 8. మొదటివి చెరగడానికి: తలపు పట్టపగలే చెడుగా, లేదా మనసును కుంగదీసేదిగా కనిపించే మనిషికి. రెండోవి గాలించడానికి: చెడు వెలుగుదూత వేషంలో, మంచి పనిలా వచ్చినప్పటికి. అక్కడ ఆయన చెప్పే చిట్కా తలపు మొదలు, నడుమ, చివర మూడూ చూడమని. ఉపవాసం పెంచాలన్న తలపు మొదట మంచిదే. నడుమ ‘మిగతావాళ్లు తింటున్నారు చూడు’ అని గొణిగితే, చివర జ్వరమూ కసురూ మిగిలితే, అడుగున రాయి ఉన్నట్లే. గాలించాల్సిన చోట చెరగడం కొత్తవాళ్లు చేసే తప్పు. చెరిగితే పోయేదాన్ని రోజుల తరబడి గాలించడం పాతకాపుల తప్పు.

ఈ నియమాల్లో వచ్చే జంట మాటలకు తెలుగు కుదరక అవస్థ పడుతున్నాం. కన్సొలేషన్‌ను ‘ఓదార్పు’ అంటే చావింటి మాటవుతుంది. ముందు దుఃఖం ఉంటేనే ఓదార్పు. ఇక్కడ చెప్పేది విశ్వాసం, నమ్మిక, ప్రేమ పెరగడం, మనసు దేవునివైపు తేలిక కావడం. పాపాలకు కారే కన్నీళ్లు కూడా ఇందులోకే వస్తాయి. ‘ఆదరణ’ సరిపోతుంది. డెసొలేషన్‌కు ‘నిరాశ’ వద్దు; మఠంలో శిక్షణలో ఉన్న నవశిష్యురాలు ‘నాకు నిరాశగా ఉంది’ అంటే వినేవారు డాక్టరును పిలవాలా అనుకుంటారు. చీకటి, కలత, చప్పదనం, ప్రార్థన మీద బద్ధకం కలిసిన ఆ స్థితికి ‘ఆత్మిక శుష్కత’ అని పుస్తకాల్లో రాయవచ్చు, నోటితో ‘ఎండిపోయినట్లుంది’ అనవచ్చు. మన వైపు అమ్మాయిలు దీన్ని ‘బెంగ’ అంటారు, జాగ్రత్త. బెంగ ఇంటి మీద, అమ్మ మీద. ఆదివారం ఫోనుతో సగం తీరుతుంది. శుష్కత అలా తీరేది కాదు. దానికి నియమం వేరు: ఆ రోజుల్లో ముందు చేసుకున్న సంకల్పం మార్చవద్దు, ప్రార్థనను గంటకు కాస్త ఎక్కువే చేయాలి గాని తగ్గించవద్దు. బెంగను శుష్కత అనుకుంటే ఇంటికి ఒక ఉత్తరం రాయాల్సిన పిల్లకు అదనపు తపస్సు చెబుతారు. శుష్కతను బెంగ అనుకుంటే వెళ్లిపోతానంటున్న పిల్లకు ఆ వారమే బస్సు టికెట్ తీస్తారు.

దేవుడు చూపే ఏ దారికైనా సిద్ధంగా ఉండే ‘ఇండిఫరెన్స్’ను ‘ఉదాసీనత’ అని దించినవి చూస్తుంటాం. పాత సంస్కృతార్థంలో ఉదాసీనుడంటే ఏ పక్షమూ పట్టనివాడు, సరే. ఇవాళ్టి తెలుగులో ఉదాసీనత అంటే పట్టనితనం, అలసత్వం. జీవితాంతం కట్టుబడే నిత్యవ్రతాల ముందు ‘ఉదాసీనంగా ఉండండి’ అని చెప్పడం ఎంత అపాయమో ఊహించండి. ‘సమచిత్తం’ అనండి. ఇగ్నేషియస్ పోలిక కూడా తక్కెడే: ఎన్నిక (జీవితంలో ఒక దారిని ఎంచుకోవడం) చేసుకునేవాడు ఏ పక్కకూ వాలని తక్కెడలా ఉండాలి, సాధన చేయించేవారూ నడిమి ముల్లులా నిలవాలి, ఇటు అటు నెట్టకూడదు. రాత్రి పరిశీలనలో కదిలే ముల్లు, ఎన్నిక వేళ నిలవాల్సిన ముల్లు ఒకటే.

ధ్యానం, మననం వేరు. 12వ శతాబ్దపు కార్తూసియన్ సన్యాసి రెండవ గీగో పవిత్ర పఠనానికి, అంటే బైబిలును ప్రార్థనగా చదవడానికి, నాలుగు మెట్లు చెబుతూ వాటిని తిండితో పోల్చాడు: చదవడం నోట పెట్టుకోవడం, తర్వాతది నమలడం, ప్రార్థన రుచి పిండుకోవడం, చివరిది ఆ తీపే. మనం రెండో మెట్టునూ నాలుగో మెట్టునూ కలిపి ‘ధ్యానం’ అనేస్తున్నాం. దాంతో వాక్యాన్ని నమలాల్సిన వేళ కళ్లు మూసుకొని ఖాళీగా కూర్చోవడం జరుగుతోంది. రెండోది ‘మననం’, వాడుకలో ‘నెమరువేయడం’. పాత మఠాల లాటిన్‌లోనూ దీన్ని నెమరు అనే అనేవారు. నాలుగోదానికి ‘ధ్యానం’ ఉంచుకోండి. ఇగ్నేషియస్ చెప్పే సువార్త ధ్యానం మళ్లీ వేరు. యేసు పుట్టిన గొడ్లపాక, తొట్టి, మనుషులు, మాటలు కళ్లకు కట్టించుకోవడం. దానికి ‘దృశ్యధ్యానం’ అంటే సరి. ఇక లూకా సువార్త 2:19లో మరియమ్మ మాటలను హృదయంలో ‘తలపోసికొనుచు’ భద్రం చేసుకొందని ఉంది. ‘తలపోత’ ఇంత మంచి తెలుగు మాటై ఉండి ఏ మఠం పట్టీలోనూ కనిపించదెందుకో!

చివరగా ఒక చిన్న ప్రమాదం. ధ్యానం అయ్యాక పావుగంట కూర్చొనో, నడుస్తూనో అది ఎలా జరిగిందో చూసుకోవాలి కదా. దానికి పట్టీలో ‘ఆలోచన’ అని రాయకండి. ఒడియాలో ‘ఆలోచనా’ అంటే నలుగురూ కూర్చొని చర్చించడం. మీ ఒడియా అక్కలు కుర్చీలు తెచ్చి గుండ్రంగా వేస్తారు, మీరేమో మౌనంగా వరండాలో నడుస్తుంటారు. అక్కడ ‘తలపోత – మౌనంగా, 15 నిమిషాలు’ అని రాయండి.