వ్యాన్‌లో గ్యాస్ ఫ్రిజ్ చల్లబడకపోతే

అల్లుడూ,

అరకు నుంచి ఫోన్ చేసి "మావయ్యా, ఫ్రిజ్ పోయింది" అన్నావు. వ్యాన్ ఎక్కడ ఆపావురా అంటే రాత్రంతా వాలులోనే ఉందన్నావు. నాకు సగం జవాబు అక్కడే దొరికింది.

మీ అమ్మ వంటింట్లో ఉన్న ఫ్రిజ్ వేరు, ఇది వేరు. దీనికి కంప్రెసర్ ఉండదు. వెనకాల చిన్న మంట అమ్మోనియా కలిసిన నీళ్లను మరిగిస్తుంది. ఆ ఆవిరి పైకెళ్లి ద్రవమై, గొట్టాల్లో తనంతట తానే కిందికి జారాలి. తోసే పంపేమీ లేదు. బండి ఒరిగి నిలబడితే ద్రవం మధ్యలో ఆగిపోతుంది. రోజుల తరబడి అలా నడిపితే ఆ గొట్టాలు మళ్లీ పనికిరావు. అందుకే ముందు బండిని సమంగా నిలుపు. చల్లబడటానికి ఒక రాత్రి పడుతుంది, గంటకోసారి తలుపు తీసి చూడకు.

అప్పటికీ చల్లబడకపోతే గ్యాస్ కట్టేసి, ఇంటి కరెంటు మీద ఒక రాత్రి నడుపు. చల్లబడిందా, గొట్టాలు భేషుగ్గా ఉన్నాయి, తప్పు మంట దగ్గరే. కరెంటు మీదా చల్లబడక, వెనక పసుపు మరక, ఘాటు వాసన ఉంటే అమ్మోనియా కారినట్టే. దాన్ని ముట్టుకోకు, కిటికీలు తెరిచి బయటికొచ్చెయ్.

మంట నీలంగా ఉండాలి. పసుపురంగులో ఊగుతుంటే మసో, తుప్పో అడ్డం పడింది. భీమిలి రోడ్డులో ఆర్నెల్లు కదలకుండా ఉంచావుగా, ఆ ఉప్పుగాలికి పొగగొట్టంలో తుప్పు పెచ్చులు ఊడి బర్నర్ మీద పడతాయి. సాలెగూళ్లు సరేసరి. సిలిండర్ వాల్వు కట్టేశాకే బర్నర్ విప్పి, బ్రష్‌తో దులుపు. జెట్‌ని, అంటే గ్యాస్ వచ్చే సన్న రంధ్రమున్న ముక్కని, మాత్రం స్పిరిట్‌లో నానబెట్టి ఆరనివ్వు. నేనోసారి గుండుసూదితో పొడిచి రంధ్రం పెద్దది చేసుకున్నాను. ఆ తర్వాత అది మసి తప్ప చలి ఇవ్వలేదు!

నాబ్ వదలగానే మంట ఆరిపోతోందా? అర నిమిషం నొక్కిపట్టు, మంట వేడికి గ్యాస్ వాల్వును తెరిచి ఉంచే థర్మోకపుల్ పుల్ల వేడెక్కాలి. అయినా ఆరితే దాని కొన మంటలో లేదేమో, నట్టు వదులైందేమో చూడు.

బిగించాక గ్యాస్ కారుతోందేమో అతుకుల మీద సబ్బునురగ రాసి చూడు. అగ్గిపుల్లతో వద్దు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు, వ్యాన్ అడుగున పేరుకుంటుంది. పెట్రోల్ బంకులోకి వెళ్లేముందు మంట ఆర్పడం మరిచిపోకు.

ఆదివారం బండి తీసుకురా, పొగగొట్టం ఇద్దరం దులుపుదాం. వచ్చేటప్పుడు హార్బర్‌లో చేపలు కొని అందులో మాత్రం పెట్టకు.

మీ మావయ్య