భోజనాల బల్ల మీది ఉద్యోగం

2020 మార్చి నుంచి హైదరాబాదు కంపెనీ ఉద్యోగాన్ని గుంటూరులో అత్తవారింటి నుంచే చేస్తున్నానని, పనీ సంసారమూ కలగాపులగమై దేనికీ న్యాయం చేయలేకపోతున్నానని, రోజును ఎలా పంచుకుంటే సమతూకం వస్తుందో, లేక ఉద్యోగమే మానేయాలో చెప్పమని రాశారు.

టైంటేబుల్ నేను ఇవ్వను. మీ క్లయింట్లు ఉన్నది న్యూయార్కులో. వారికి ఉదయం తొమ్మిదైతే మనకు సాయంత్రం ఆరున్నర, నవంబరులో వారు గడియారాలు వెనక్కి తిప్పుకున్నాక ఏడున్నర. బాబు హోంవర్కు, అత్తగారి మాత్రలు, రాత్రి భోజనాలు ఏ కాలంలోనైనా ఆ వేళకే వస్తాయి గనుక, ఇది ఆఫీసు, ఇది ఇల్లు అని గీత గీయడం మీ చేతిలో లేదు. కలిపి నడుపుకోవలసిందే, అందులో తప్పూ లేదు.

మాది మంగళగిరిలో చేనేత కుటుంబం. ముందు గదిలో తాతగారి గుంట మగ్గం, పక్కనే రాట్నం మీద కండెలు చుడుతూ నాయనమ్మ, ఆమె కాలి బొటనవేలికి ఉయ్యాల తాడు. పని వేళ, ఇంటి వేళ అన్న మాటలు ఆ ఇంట్లో నేను వినలేదు. అయితే ఆ రోజులు బంగారమని చెప్పడానికి నాకు నోరు రాదు. షావుకారు మజూరీ తాతగారి చేతిలో పెట్టేవాడు. నాయనమ్మ కండెలు ఏ లెక్కలోకీ వచ్చేవి కావు.

మీ ఉత్తరంలో నాలుగు పేజీలుంటే మూడు అత్తగారి మీదే. కాల్‌లో ఉండగా పప్పు పొంగిందని పిలిచారని, ఇరుగుపొరుగుతో "మా కోడలు ఇంట్లోనే ఉంటుంది" అన్నారని. డెబ్బై యేళ్ళ ఆవిడకు అది ఉద్యోగమని ఎవరైనా చెప్పారా? చెప్పవలసిన మనిషి మీవారు. ఆయన గురించి మీరు రాసినవి రెండే వాక్యాలు. ముందు గదిలోని బల్ల ఆయన బ్యాంకు కాగితాలకట. ఎనిమిదింటికి ఆయన భోజనానికి కూర్చుంటారు గనుక మీరు మీటింగు నడుస్తుండగానే భోజనాల బల్ల మీంచి లాప్‌టాప్ ఎత్తుకుని, వంటింట్లో గ్యాస్ సిలిండరు పక్కన పీట వేసుకుంటారట. దీన్ని ఫిర్యాదుగా కూడా రాయలేదు మీరు! ఇంటి లోను వాయిదాలో సగం మీ జీతంలోంచి కట్టించుకుంటూ మిమ్మల్ని పీట మీద కూర్చోబెట్టిన ఆయనతోనే నాకు తగవు, అత్తగారితో లేదు.

ఆయన ఆరింటికల్లా ఇల్లు చేరతారని రాశారు. అయితే ఈ ఆదివారం, అత్తగారు దగ్గర లేనప్పుడు, సాయంత్రాలు ముందు గదిలోని బల్ల మీకేననీ, అప్పుడు బాబు చదువూ అమ్మగారి మాత్రలూ ఆయన పనులనీ చెప్పండి. కాల్స్ లేని మధ్యాహ్నం వంట ముగించడం, బాబును బడి నుంచి తేవడం ఎలాగూ చేస్తున్నారు, అవి మానమని నేననను. భార్య ఒక్కతే సర్దుకుపోయేదాన్ని మాత్రం కాపురమని ఒప్పుకోను. అత్తగారికి ఈ ఏర్పాటు ఆయన నోటితోనే చెప్పించండి. మీరు చెబితే ఎదురుమాట అవుతుంది, కొడుకు చెబితే ఇంటి పద్ధతి అవుతుంది. ఇందులో న్యాయం లేదని నాకూ తెలుసు.

ఉద్యోగం మానే మాట ఇప్పుడు ఎత్తకండి. ఆ బల్ల మీది బ్యాంకు కాగితాలు బీరువాలోకి చేరాక కూడా మానాలనే అనిపిస్తే మళ్ళీ రాయండి.