ఒళ్లు జలదరించినా తప్పు లేదు

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా అబ్బాయి, జార్జ్ కార్లిన్ అనే హాస్యనటుడు వృద్ధాప్యంలో ఇచ్చిన ప్రదర్శనలు రెండు చూపించాడు. చావు గురించి, ఆత్మహత్యల గురించి ఆయన మాట్లాడుతుంటే వాడు పడీపడీ నవ్వాడు. నాకు కొన్నిచోట్ల నవ్వొచ్చినా, కొన్నిచోట్ల ఒళ్లు జలదరించింది. వయసు మీదపడి ఆయన మనసు చేదెక్కిందా, లేక ఆ హాస్యం నాకే అందలేదా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీకు అందకపోవడమేమీ లేదండీ. టిక్కెట్టు కొనుక్కుని ఆయన ఎదుట కూర్చున్నవాళ్లు కూడా అన్నిచోట్లా నవ్వలేదు. 2004 చివర్లో లాస్ వేగాస్‌లో ఆయనకూ ప్రేక్షకులకూ మాటామాటా పెరిగి రసాభాస అయింది. ఆ తరువాత ఆయన మద్యం, నొప్పి మాత్రల అలవాటు మానుకోవడానికి తనంతట తానే చికిత్సలో చేరారు. మరుసటి ఏడాది నవంబరులో న్యూయార్క్ బీకన్ థియేటర్లో, మంచు కురిసిన శ్మశానంలాంటి రంగస్థలం మీద నిలబడి ఆత్మహత్యల గురించి చాలాసేపు మాట్లాడారు. మీరు చూసిన మొదటిది అదే అయి ఉంటుంది.

అందులో ఆయన మనుషుల చావులను దూరం నుంచి చూసే వినోదంగా మాట్లాడతారు కనుక, ఇంట్లోనో ఇరుగుపొరుగునో అలాంటి చావు చూసినవారికి నవ్వు గొంతు దాటదు. దాన్ని నేను హాస్యం తెలియకపోవడం అనను.

2008 మార్చి 1న కాలిఫోర్నియాలోని శాంటా రోజాలో ఇచ్చిన చివరి ప్రదర్శన తీరు వేరు. అప్పటికి ఆయనకు 70 ఏళ్లు, గుండెజబ్బు పాతదే. మిత్రుడు పోతే అడ్రసు పుస్తకంలోంచి పేరు ఎప్పుడు కొట్టేయాలన్న సందేహం లేవనెత్తి, ఆరు వారాలు ఆగుతానని తనే ఒక లెక్క చెబుతారు. పోయినవారి నంబరును ఫోన్లోంచి తీసేయడానికి చేయి రాని మనకు ఆ మాటలో నవ్వూ దిగులూ ఒక్కసారే తగులుతాయి. ఇక్కడ చావు ఆయన సొంత గుమ్మంలోనే నిలబడి ఉంది. నాలుగు నెలలైనా తిరగకుండానే, జూన్ 22న, గుండె ఆగి ఆయన కన్నుమూశారు.

చేదు సంగతి అడిగారు. ఆ చేదు వయసుతో వచ్చింది కాదనే నా నమ్మకం. మూతి బిగించుకున్న సమాజాన్ని రెచ్చగొట్టినందుకు 1972లోనే ఆయన మిల్వాకీలో అరెస్టయ్యారు. అంతటివాడూ ప్రేక్షకుల మనసు పట్టించుకోలేదని అనడానికి వీల్లేదు. 2001లో, జనం మూకుమ్మడిగా చనిపోతే తనకు ఇష్టమన్న అర్థంలో ఒక కార్యక్రమానికి పేరు పెట్టుకుని, సెప్టెంబరు 11 దాడులు జరగగానే ఆ పేరు మార్చేశారు.

మీ అబ్బాయితో ఆ రెండో ప్రదర్శన మళ్లీ చూడండి. వాడు నవ్విన చోట ఆపి ఎందుకు నవ్వావని అడగండి, మీకు ఒళ్లు జలదరించిన చోట ఆపి ఎవరు గుర్తొచ్చారో వాడికి చెప్పండి.