వారంలో లైసెన్స్ ఇప్పిస్తామంటున్నారు, చేరమంటారా?

కొత్తగా లారీ నేర్చుకునేవారి ప్రశ్నలకు ఒకప్పటి డ్రైవరు, ఇప్పటి శిక్షకుడి జవాబులు

ప్రశ్న: కారు బాగానే నడుపుతాను. లారీ డ్రైవరుగా స్థిరపడదామని హెవీ లైసెన్స్ కోసం రెండు ట్రైనింగ్ స్కూళ్లలో వాకబు చేశాను. ఒకచోట వారంలో టెస్టు పాస్ చేయిస్తామంటున్నారు. రెండోచోట ఆరు వారాలట, ఫీజు కూడా ఎక్కువే. టెస్టు ఒకటే అయినప్పుడు అన్నాళ్లు తిరగడం దేనికి?

జవాబు: టెస్టు ఒకటే, కాదనను. కానీ టెస్టులో మీ పక్కన ఒక మనిషి ఉంటాడు, దారి మీకు ముందే అలవాటై ఉంటుంది, చాలాచోట్ల బండి ఖాళీగా ఉంటుంది. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఈ మూడూ ఉండవు. అయితే వారాలు లెక్కపెట్టి స్కూలు ఎంచుకున్నా మోసపోతారు. ఇద్దర్నీ ఒకటే అడగండి: ‘స్టీరింగ్ నా చేతిలో ఎన్ని గంటలుంటుంది?’ ఒకే బండిలో నలుగురైదుగురిని ఎక్కించి, ఒకడు నడుపుతుంటే మిగతావాళ్లు వెనక కూర్చుని చూసిన గంటల్ని కూడా అందరి ఖాతాలో రాసేసే స్కూళ్లున్నాయి.

చట్టం చూసుకుంటుందిలే అనుకోకండి. యూరోపియన్ యూనియన్‌లో వృత్తి డ్రైవర్లకు పూర్తి శిక్షణ 280 గంటలు. వినడానికి ఘనంగానే ఉంది గానీ, అందులో ఒక్కో అభ్యర్థి విడిగా బండి నడపాల్సింది కనీసం 20 గంటలే. భారతదేశంలో గుర్తింపు పొందిన కేంద్రాలకు 2021లో పెట్టిన భారీ వాహనాల కోర్సు ఆరు వారాల్లో 38 గంటలు, అదీ థియరీతో కలిపి. అమెరికాలో 2022 ఫిబ్రవరి 7 నుంచి కొత్తవాళ్లు రిజిస్టరైన శిక్షకుల దగ్గర నేర్చుకుంటేనే డ్రైవింగ్ టెస్టుకు రానిస్తున్నారు. కానీ అక్కడ కనీసం ఇన్ని గంటలని పెట్టలేదు. పని వచ్చిందని శిక్షకుడు ధ్రువీకరిస్తే చాలు. అంటే తిప్పితిప్పి భారమంతా శిక్షకుడి నిజాయితీ మీదే పడుతోంది.

అందుకే డబ్బు కట్టేముందు ఒక పూట వెళ్లి ఆ స్కూలు మైదానం దగ్గర నిలబడండి. కుర్రాడు రివర్స్ చేస్తుంటే శిక్షకుడు దిగి వెనక నిలబడ్డాడా, నీడలో ఫోన్ చూసుకుంటున్నాడా? అరగంటలో మీకే తెలిసిపోతుంది. లోడు బండి మీద నేర్పుతారా, రాత్రిపూట ఒక్కసారైనా తిప్పుతారా అని కూడా అడగండి. ఖాళీ లారీకీ నిండు లారీకీ మలుపులో, దిగుడులో పోలికే ఉండదు. ఇంకో సంగతి, బండి గేర్లదా ఆటోమేటిక్కా? అమెరికాలో ఆటోమేటిక్ మీద టెస్టు ఇస్తే లైసెన్స్ మీద ఆ పరిమితి పడుతుంది, గేర్ల బండి నడపకూడదు. మీ లైసెన్స్ ఆఫీసులో ఈ విషయం ముందే కనుక్కోండి.

ఫీజు కంపెనీయే కడుతుందంటే సంతోషమే. కానీ మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలో ఒప్పందంలో చదివాకే సంతకం పెట్టండి.

ప్రశ్న: బండి తనిఖీ టెస్టులో ఎయిర్ బ్రేకుల దగ్గరికొచ్చేసరికి టెన్షన్‌తో అన్నీ మరిచిపోతున్నాను. గాలి లేకపోతే బ్రేకు పడదంటారు, గాలి పోతే బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయనీ అంటారు. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే, ఎందుకంటే అవి రెండు వేర్వేరు బ్రేకులు. పెడల్ తొక్కితే పడే బ్రేకును నెట్టేది గాలి. పార్కింగ్ బ్రేకును పట్టేది బలమైన స్ప్రింగు. గాలి ఆ స్ప్రింగును నొక్కిపెట్టి ఉంచినంతసేపే చక్రం తిరుగుతుంది. గాలి పోయిందా, స్ప్రింగు విచ్చుకుని పట్టేస్తుంది. అలాగని నిశ్చింతగా ఉండకండి. పరుగు మీదున్న బండికి అది హఠాత్తుగా పడితే చక్రాలు బిగుసుకుపోయి జారుతుంది.

అంకెలు బట్టీ పట్టడం మానేసి బండి దగ్గరే నేర్చుకోండి. నా దగ్గర చేరినవాళ్లకు మొదటి పాఠం ఇదే. చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టి, ట్యాంకుల్లో గాలి నిండాక ఇంజిన్ ఆపేసి, తాళం ఆన్‌లోనే ఉంచి, పార్కింగ్ బ్రేకు విడిపించి పెడల్ తొక్కుతూ వదులుతూ ఉండండి. గాలి ఒత్తిడి చూపే ముల్లు 60 పీఎస్ఐ దగ్గరికి, అంటే దాదాపు 4 బార్లకు దిగేసరికి బజరో లైటో రావాలి. అది రాని బండిని బయటికి తీయకూడదు. ఇంకా తొక్కితే 20, 45 పీఎస్ఐల మధ్య ఎక్కడో పార్కింగ్ బ్రేకు నాబ్ టప్పున బయటికి దూకుతుంది. ఒక్కసారి ఆ చప్పుడు విన్నవాళ్లు ఎగ్జామినర్ ముందు తడబడగా నేను చూడలేదు.

గాలి ట్యాంకు నుంచి చక్రం దాకా వెళ్లడానికి అర సెకను దాకా పడుతుందన్నది మాత్రం గుర్తుంచుకోండి. గంటకు 90 కిలోమీటర్ల మీద పోయే బండి సెకనుకు 25 మీటర్లు దాటుతుంది. మీరు పెడల్ తొక్కాక కూడా పన్నెండు మీటర్లు ఉత్తపుణ్యానికి పోయినట్టే. కారు అలవాటున్నవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే.

డీజిల్ మిగులుతుందని దిగుడులో న్యూట్రల్ వేయమని ఎవరైనా సీనియర్ చెబితే దండం పెట్టి ఊరుకోండి. న్యూట్రల్‌లో ఇంజిన్ బండిని పట్టి ఉంచదు, బరువంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. దిగుడు మొదలవకముందే చిన్న గేరులోకి రండి. సగం దిగాక గేరు మార్చబోతే అది పడకపోవచ్చు.

ప్రశ్న: ట్రైలర్ రివర్స్ చేస్తుంటే నేనొకటి అనుకుంటే అదొకటి చేస్తోంది. చిట్కా ఏమైనా ఉందా?

జవాబు: ఉంది. స్టీరింగును అడుగుభాగంలో పట్టుకోండి. ట్రైలర్ వెనక భాగం ఎటు పోవాలో చెయ్యి అటే జరపండి. కొంచెం జరిపి ఆగండి, ట్రైలర్ ఆలస్యంగా స్పందిస్తుంది. వీలైనంత వరకు డ్రైవరు వైపుకే రివర్స్ చేయండి, అవతలి వైపు సగం మీకు కనపడదు. అనుమానం వస్తే బండి ఆపి దిగి చూడండి. నవ్వేవాళ్లు నవ్వనీ.

ప్రశ్న: నేను పొట్టిగా ఉంటాను. ఆడవాళ్లకు లారీ కష్టమని ఇంట్లో అంటున్నారు.

జవాబు: సీటు, అద్దాలు సర్దుకున్నాక పెడల్ పూర్తిగా అందుతోందా, అద్దాల్లో వెనక చక్రాలు కనిపిస్తున్నాయా? అయితే చేరిపోండి. పవర్ స్టీరింగ్ వచ్చాక కండబలం మాట పాతబడింది.

ప్రశ్న: కొత్తగా ఉద్యోగంలో చేరాను. ఓనరు రాత్రంతా నడిపి తెల్లారేసరికి లోడు దించమంటున్నాడు. కొత్తవాణ్ని, ఎదురు చెప్పేదెలా?

జవాబు: చట్టాన్ని అడ్డం పెట్టి చెప్పండి. యూరప్‌లో నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాలు ఆగాలి, రోజుకు మామూలుగా 9 గంటలే. అమెరికాలో 10 గంటల విశ్రాంతి తర్వాత 11 గంటల దాకా నడపొచ్చు. భారతదేశంలో 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అనేది, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన కార్మిక కోడ్‌లోనూ రోజుకు 8 గంటలే. మీ ప్రాంతంలో ఏ లెక్క వర్తిస్తుందో అది రాసి బండిలో పెట్టుకోండి. ప్రమాదం జరిగితే కేసు ముందు డ్రైవరు మీదే పడుతుంది, ఫోన్లో చెప్పిన మాట ఓనరుకు గుర్తుండదు. అందుకే టైము చాలదనిపిస్తే లోడు ఎత్తకముందే, ‘ఇన్ని గంటలకు చేరతాను, మధ్యలో ఇక్కడ ఆగుతాను’ అని మెసేజ్ పెట్టండి.