రెక్కను పట్టుకునేది ఆ బెత్తెడు ముక్కనే

పాఠకుల ప్రశ్నలు, వర్క్‌షాపు జవాబులు

పోయిన నెల ఇంట్ల చిన్న విమానం కట్టుకునుడు గురించి ఒక ముచ్చట రాస్తె ఇన్ని ఉత్తరాలు వస్తయని నేనైతె అనుకోలే. చానామంది అడిగింది ఇంజను గురించో రెక్కల గురించో కాదు, రెక్కను బాడీకి కట్టే ఇనుప ఫిట్టింగుల గురించి. మంచిదే, అడగాల్సింది అదే. అన్నిటికి జాగ లేదు కాబట్టి ఐదు తీస్కున్న.

హన్మకొండ నుంచి ఒక పాఠకుడు: సార్ నమస్తే. ఒక్క సీటు చెక్క విమానం డ్రాయింగులు కొనుక్కోని మొదలుపెట్టిన, రెక్క రిబ్బులన్నీ అయిపోయినయి. స్ట్రట్ (రెక్కను బాడీకి ఆనిచ్చే వాలు కమ్మి) ఫిట్టింగులకు 4130 క్రోమోలీ అనే ఉక్కు షీటు 2.3 ఎంఎం అని డ్రాయింగుల ఉన్నది, అది ఇక్కడ దొరుకుతలేదు. ఆటోనగర్ల తెలిసిన వెల్డింగ్ అన్న 5 ఎంఎం ఎంఎస్ (మామూలు మెత్త ఉక్కు) ప్లేటు వేస్త, డబల్ మందం, ఏనుగు ఎక్కినా ఏం కాదు అంటుండు. వెయ్యమంటరా?

వద్దు తమ్ముడూ. ఆ అన్న మంచోడే, ఆయన చేసే ట్రాక్టర్ ట్రాలీకి ఆయన లెక్క కరెక్టే. ట్రాలీ హుక్కు ఇరిగితె బండి ఆగుతది, నువ్వు దిగి చూస్కుంటవ్. పైన ఉన్నప్పుడు దిగుడు ఎక్కడిది?

ముందు బరువు లెక్క చూద్దాం. నీ విమానం నిన్ను కూడ కలిపి 300 కిలోలు అనుకో. మామూలు చిన్న విమానాలకు లెక్క 3.8 జీ, అంటె గాలి కుదుపుకో గట్టిగ మలిపినప్పుడో బరువు 3.8 రెట్లు అయితదని, దాని మీద ఇంకొక సగం భద్రత కోసం, అంటె 1.5 తోని గుణించాలె. 300 కాస్త 1710 కిలోలు అయితది. ఒక్కో రెక్కకు 855. స్ట్రట్ వాలుగ ఉంటది కాబట్టి దాంట్ల లాగుడు ఇంకా ఎక్కువ పడతది, నీ డ్రాయింగు మనిషి అదంతా లెక్కేసే 2.3 అని రాసిండు. ఇప్పుడు బోల్టు చూడు. ఏఎన్4 అనే పావు అంగుళం విమానం బోల్టు ఒక్క దిక్కు కోతకు 1670 కిలోల దాక తట్టుకుంటది, రెండు ప్లేట్ల నడుమ పెడితె దానికి డబల్. అంటె బోల్టు ఇరగదు. ఇరిగేది ఆ బోల్టు పోయే రంధ్రం పక్కన ఉన్న అంచు. అందుకే రంధ్రం నడిమి నుంచి అంచు దాక కనీసం బోల్టు మందానికి రెండింతలు, అంటె 12.7 ఎంఎం, ఇడిచిపెట్టాలె అంటరు. గ్రైండర్ కొంచెం ఎక్కువ తిరిగి అది 9 అయితె నీ 5 ఎంఎం మందం నిన్ను కాపాడుతదని ధైర్యం పెట్టుకోకు.

ఇగ ఎంఎస్ సంగతి. 4130 అంటె కార్బన్ 0.3 శాతం దగ్గర, క్రోమియం 1 శాతం లోపల్నో దగ్గర్నో, మాలిబ్డినం కొంచెం. మామూలు ఎంఎస్ లాగితె సాగుడు మొదలుపెట్టే కాడికి, నార్మలైజ్ చేసిన, అంటె వేడి చేసి గాలిల చల్లార్చిన 4130 దానికి రెండింతల దాక తట్టుకుంటది. మరి 5 ఎంఎం వేస్తె లెక్క సరిపోతది కదా అంటవ్. కాయితం మీద సరిపోతది. కాని చెక్కల చేసిన గాడి 2.3కి చేసినవ్, బోల్టుల పొడుగు 2.3కి కొన్నవ్, అన్నీ మారుతయ్, బరువు డబల్ అయితది, అన్నిటికన్నా పెద్దది ఏందంటె 5 ఎంఎం ప్లేటును వైసుల పెట్టి చేత్తోని వంచలేరు, గ్యాస్ పెట్టి ఎర్రగ కాల్చి సుత్తెతోని కొడతరు, ఇంక ఆ మూల లోపల ఏమైందో దేవుడికే ఎరుక. ఆ ప్లేటు ఏ బట్టీల కరిగిందో రాసి ఇచ్చేటోడు కూడ దొరకడు. 4130 షీటు హైదరాబాద్‌ల గాని బెంగళూరుల గాని విమానం సామాన్లు అమ్మేటోళ్ల దగ్గర మిల్ టెస్ట్ సర్టిఫికెట్‌తోని తెప్పించుకో. నీకు కావాల్సింది నాలుగైదు కిలోలు కూడ ఉండదు. ఇంజనుకు లక్షలు పెట్టేటోనివి దీని కాడ పీనాసితనం చేస్తవా.

కాజీపేట నుంచి ఐటీఐ ఫిట్టర్ చదివే ఒక అమ్మాయి: సార్, మా అన్న కడుతున్న విమానానికి ఫిట్టింగులు నేనే చేస్తున్న. రెండు దిక్కుల 30 ఎంఎం వచ్చేటట్టు ఎల్ షేపు వంచాలె, 60 కోస్తె ప్రతిసారి ఎక్కువ వస్తుంది. ఇంకోటి, వంచినంక బయటి దిక్కు సన్న సన్న చీలికలు వస్తున్నయి. తప్పు ఎక్కడ?

బిడ్డా, నీ ఉత్తరం చదివి సంబురమైంది, మీ అన్న అదృష్టవంతుడు. 60 ఎక్కువ వస్తుందంటె నువ్వు వంపును సూది మొన లెక్క అనుకుంటున్నవ్. షీటు మూల మలిగినట్టు మలగదు, గుండ్రంగ తిరుగుతది, అడ్డదారి పడ్డట్టన్నమాట, దూరం తగ్గుతది. 2 ఎంఎం షీటు, లోపలి గుండ్రం (వ్యాసార్ధం) 6 ఎంఎం అనుకో. బయటి కొలత 30ల నుంచి 6, 2 కలిపి 8 తీసెయ్, 22 సాపు మిగులుతది. అట్ల రెండు దిక్కుల కలిపి 44. నడుమ వంపుకు 10.8. మొత్తం 54.8. ఆ 10.8 ఎట్లొచ్చిందంటె గుండ్రాన్ని 0.01743తోని, మందాన్ని 0.0078తోని గుణించి, రెండు కలిపి, 90 డిగ్రీలకు 90తోని గుణించు. నోట్‌బుక్కు అట్ట లోపల రాసిపెట్టుకో, మళ్ల మళ్ల పనికొస్తది.

చీలికలకు మూడు కారణాలు ఉంటయ్, నీ దాంట్ల మూడూ ఉన్నయని నా అనుమానం. మొదటిది, వైసు దవడలు కత్తిలాగ పదునుగ ఉంటయ్, దాని మీద నేరుగ వంచితె గుండ్రమే లేదు. మందానికి మూడింతల గుండ్రం తోని ఒక ఇనుప దిమ్మె అంచును ఆకురాయితోని గుండ్రంగ చేస్కోని, దాని మీద వంచు. రెండోది, షీటుకు పోగు ఉంటది, రోలింగ్ చేసినప్పుడు పొడుగు దిక్కు సాగి వచ్చిన పోగు. వెదురు బద్ద పొడుగునా చీలుతది గాని అడ్డంగ చీలదు కదా, గట్లనే. వంపు గీత పోగుకు అడ్డంగ రావాలె, పోగు వెంబడి కాదు. నమ్మకపోతె ఒక షీటు మిగులు ముక్కల్నుంచి రెండు పట్టీలు కోయి, ఒకటి పొడుగు దిక్కు, ఒకటి అడ్డం దిక్కు, రెండిటిని వైసుల బిగించి వంచు, చేతికే తెలుస్తది.

మూడోది షీటు మీద గీకిన గీత, దాని మీద నా సొంత కథ ఉన్నది. నేను కొత్తగ ట్రైనింగుల ఉన్నప్పుడు ఒక ఫ్యాక్టరీల ఊగే జల్లెడ మిషన్‌కు ఒక బ్రాకెట్ చేసిచ్చిన. చూడనీకి అద్దం లెక్క ఉండె, నా సంతకం చేద్దామా అన్నంత మురిసిన. పదిహేను రోజులు కాలే, పెయింటు మీద వంపు కాడ ఎంట్రుకంత గోధుమ రంగు గీత కనపడ్డది, తుప్పు లోపల్నుంచి కారినట్టు. తుడిస్తె పోయింది, తెల్లారి మళ్ల వచ్చింది. నాలుగో రోజు బ్రాకెట్ రెండు ముక్కలు. మా ఫోర్‌మన్ ఆ ముక్కలు టేబుల్ మీద పెట్టి భూతద్దం ఇచ్చి చూడమన్నడు, పగులు పొడుగునా స్క్రైబర్ గీత ఉన్నది. వంపు ఎక్కడ అని గుర్తుకు నేనే సూదితోని గీకిన. బైండింగ్ వైరును అటు ఇటు వంచితె పుటుక్కున తెగుతది కదా, ప్రతి ఊగుడుకు అదే జరిగింది, మొదలు పెట్టనీకి నేను దానికి దారి గీసిచ్చిన. 1954ల కామెట్ అనే ప్రయాణికుల జెట్ విమానాలు రెండు పైననే ముక్కలైనయి, వాటిల ఒకటి కూడ పైకప్పుల కోసిన సందు మూల కాడి రంధ్రం నుంచి మొదలైన సన్న పగులుతోనే అని తేల్చిండ్రు. అంత పెద్ద కంపెనీ ఇంజనీర్లను బోల్తా కొట్టించిన పగులు మన వైసు కాడ ఊకుంటదా.

కాబట్టి వంపు గీత సన్న మార్కర్ పెన్నుతోనే. అల్యూమినియం మీదైతె పెన్సిల్ కూడ వద్దు, దాని కార్బన్ తోని అక్కడ తినేస్తది. అంచులకు గ్రైండర్ గీతలు అడ్డంగ పడ్డయంటె ఆకురాయిని పొడుగు దిక్కు లాగి అవి మొత్తం పోయేదాక తియ్యి, ఎనక సన్న ఎమరీ పేపర్ కూడ పొడుగునే. గోరు పెట్టి రుద్దితె ఎక్కడా తట్టద్దు. రంధ్రాలు 6.5 బిట్ పెట్టి ఒక్కసారి కొట్టకు, పావు అంగుళం అంటె 6.35, ఆ లూజు తోని బోల్టు లోపల కొట్టుకుంటది. 6 బిట్ పెట్టి తర్వాత రీమర్ (రంధ్రాన్ని సాపుగ కరెక్టు కొలతకు తెచ్చే పనిముట్టు) తిప్పు. ఒకే తీరు ప్లేట్లు నాలుగుంటె నాలుగు కలిపి బిగించి ఒకేసారి రంధ్రం చెయ్, జంటలు కుదురుతయ్. లాస్టుకు కంటికి కనపడని పగుళ్లు పట్టిచ్చే డై పెనిట్రెంట్ కొట్టు, ఎర్ర రంగు స్ప్రే, తుడుచుడు, తెల్ల పౌడర్ స్ప్రే, అంతే. తెల్లటి దాని మీద ఎర్ర గీత లేస్తె ఆ ముక్క చెత్తల పడెయ్, వెల్డింగ్ పెట్టి అతుకుదాం అని ఆలోచనే వద్దు.

పెంబర్తి దగ్గర్నుంచి ఒక అన్న: మా ఇంట్ల తరాల నుంచి ఇత్తడి రేకు పని. ఇత్తడి గట్టిపడంగనే కాల్చి మళ్ల మెత్తగ చేస్కోని కొడతం. ఒక పిల్లగాడు విమానం ఇంజను కౌలింగ్ (ఇంజను మీది రేకు మూత), కొన్ని అల్యూమినియం బ్రాకెట్లు చేసిమ్మని వచ్చిండు. అల్యూమినియం కూడ గట్లనే కాల్చుకోవచ్చా?

అన్నా, కౌలింగ్‌కు మీ చెయ్యి కన్నా మంచి చెయ్యి ఈ జిల్లాల దొరకదు, ఆ పిల్లగాడు సరైన గడప తొక్కిండు. కౌలింగ్‌కు మెత్త రేకు తీస్కోని మీ పద్ధతిల కాల్చి కొట్టండి, ఏం ఫికర్ లేదు. అల్యూమినియం ఎర్రగ మారదు, చూస్తుండంగనే కరుగుతది, అందుకే పాతోళ్లు దాని మీద సబ్బు రాసి వేడి చేస్తరు, సబ్బు నల్లబడంగనే మంట తీసేస్తరు.

బ్రాకెట్లకు మాత్రం మంట దగ్గరికి రానియ్యద్దు. వాటికి వాడే 6061-టీ6 అనే అల్యూమినియం రకం గట్టిదనం సుత్తె దెబ్బతోని వచ్చింది కాదు. 530 డిగ్రీల దాక వేడి చేసి నీళ్లల ముంచి, ఎనక 160, 170 డిగ్రీల కాడ గంటలకొద్ది ఓవెన్ల పెడితె వచ్చిన గట్టిదనం. టీ6ల అది 310 మెగాపాస్కల్ (లాగుడు బలం కొలత) దాక తట్టుకుంటది, మీరు కాల్చి మెత్తబెడితె 125కి దిగుతది. ఇత్తడి లెక్క మళ్ల కొడితె పాత బలం రాదు. చూపుకు మాత్రం ఏం తేడా ఉండదు, అదే పెద్ద డేంజరు. పిల్లగాడికి చెప్పండి, వంచాల్సిన ముక్క చల్లగనే పెద్ద గుండ్రం పెట్టి వంచుకోవాలె, లేకపోతె డ్రాయింగ్‌ల ఏం ఉన్నదో అది పట్కరావాలె.

జమ్మికుంట నుంచి ఒక తమ్ముడు: బుల్లెట్ 350 ఇంజను పెట్టుకోని ఒక్క సీటు విమానం లేపచ్చా అన్నా?

దాంట్ల వచ్చేది 20 హార్స్ పవర్ దగ్గర, బరువేమో గంపెడు. 1929ల అమెరికాల పీటెన్‌పోల్ అనే ఆయన ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజనుతోని లేపిండు, అది 40. బుల్లెట్ రోడ్డు మీద ఫుల్ యాక్సిలరేటర్ ఎంతసేపు కొడతవ్? విమానం పైకెక్కేదాక కొడుతనే ఉండాలె. దాన్ని బుల్లెట్ కిందనే ఉంచు.

వరంగల్ నుంచి రిటైర్డ్ ఉద్యోగి ఒకాయన: నేను, మా మనుమడు కలిసి కడుదామనుకుంటున్నం. మామునూరు పాత ఎయిర్‌పోర్టు దగ్గర్నే ఇల్లు. పర్మిషన్ల సంగతి కట్టినంక చూస్కోవచ్చా?

కట్టకముందే చూస్కోవాలె సార్. మీరు చిన్నప్పుడు చూసిన మామునూరు వేరు. 1930ల నిజాం కాలంల కట్టిండ్రు, 1981 నుంచి విమానాలు బందు, 2025 ఫిబ్రవరిల మళ్ల తెరవనీకి కేంద్రం ఓకే అన్నది, కాబట్టి ఖాళీ మైదానం కదా అని మనుమనితోని అక్కడికి తోస్కపోవుడు మర్చిపోండి. 1934 నాటి చట్టం పోయి భారతీయ వాయుయాన్ అధినియమ్ అనే కొత్త చట్టం 2025 జనవరి 1 నుంచి నడుస్తుంది, డిజైన్, తయారీ కూడ దాని కిందికే వస్తయ్. విమానాల మీద నిఘా పెట్టే కేంద్ర సంస్థ డీజీసీఏకు ముందుగాల రాసి, వాళ్లేం అడుగుతరో కాయితం మీద తీస్కోని మొదలుపెట్టండి. ముంబైల అమోల్ యాదవ్ అనే పైలట్ తన బిల్డింగ్ మీదనే ఆరు సీట్ల విమానం కట్టిండు, 2016 మేక్ ఇన్ ఇండియా ఎగ్జిబిషన్ల పెట్టిండు, రిజిస్ట్రేషన్ చేతికొచ్చింది 2017 చివర్ల. ఆయన స్వయంగ పైలట్ అయి ఉండి కూడ ఏండ్లకేండ్లు తిరిగిండు.

మీకు నేను చెప్పేది ఒకటే పని. ఇయ్యాల్టి నుంచే ఒక లాంగ్ నోట్‌బుక్కు పెట్టండి, మనుమనితోని రాయించండి. షీటు బిల్లు, సర్టిఫికెట్ జిరాక్సు అంటించాలె, ప్రతి ఫిట్టింగుకు వంచకముందు, వంచినంక ఫోటో, తారీఖు. ఫిట్టింగు కోసినంక మిగిలిన ముక్కను స్క్రాపుల వెయ్యకుండ ఆ ఫిట్టింగు నంబరే దాని మీద మార్కర్‌తోని రాసి ఒక బిస్కెట్ డబ్బల దాయండి. చూడనీకి వచ్చే ఇన్‌స్పెక్టర్ ఈ లోహం ఏందని అడిగితె మాట చెప్పుడు కాదు, ఆ డబ్బ తీసి ముందట పెట్టుడే.