చెరువు కట్ట మీద బెల్ ఎప్పుడు కొట్టాలి? – మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేడమ్, మేం బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్‌లో ఉంటాం. అనంతపురం నుంచి వచ్చిన మా అమ్మ (68 ఏళ్లు) రోజూ పొద్దున్నే దగ్గర్లోని చెరువు చుట్టూ నడిచేది. పోయిన వారం ఒకతను వెనక నుంచి సైకిల్ మీద వచ్చి, బాగా దగ్గరికొచ్చాక గట్టిగా బెల్ కొట్టాడు. అమ్మ కంగారుపడి కుడివైపు తిరిగింది, హ్యాండిల్ తగిలి మోచేయి గీరుకుపోయింది. ‘చూసుకోవాలి కదా ఆంటీ’ అని వెళ్లిపోయాడట. అప్పట్నుంచి అమ్మ నడకే మానేసింది. తప్పు అమ్మదేనా?

జవాబు: కాదండీ, ఆవిడది కానే కాదు, ఈ మాట ముందు ఆవిడకి చెప్పండి. వెనక చప్పుడైతే తిరిగి చూడటం ఎవరికైనా సహజం. తల తిరిగిన వైపే భుజం తిరుగుతుంది, దాంతోపాటు ఒక అడుగు కూడా పడుతుంది, ఆ అడుగు వెనక్కి తీసుకోవడానికి పెద్దవాళ్లకి కాస్త టైమ్ పడుతుంది. అందుకే పక్కకొచ్చాక కొట్టే బెల్ మనిషిని సైకిల్ కిందికే లాగుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ఐదున్నర మీటర్లు, అంటే బ్రేక్ నొక్కాలని తోచేలోపే సైకిల్ ఆ దూరం దాటేస్తుంది. అదే 10కి తగ్గిస్తే మూడు మీటర్ల లోపే. వేగంగా వెళ్లేవాడి చేతిలోనే బ్రేక్ ఉంది కాబట్టి బాధ్యత కూడా ముందు అతనిదే.

ఇంకో సంగతి. బెంగళూరు చెరువులు చాలావరకు వాగుకి అడ్డంగా కట్ట వేసి నీళ్లు నిలిపినవి, మన సీమ చెరువుల్లాగే. కట్ట మీద ఒకపక్క నీళ్లు, రెండోపక్క పల్లం, పక్కకి తప్పుకుందామన్నా చోటుండదు. కబ్బన్ పార్కు సంగతి వేరు, 1870లో వేసిన ఆ పార్కు లోపల కార్లు పోయేంత రోడ్లున్నాయి, వాహనాలు ఆపేసే ఆదివారాలు పిల్లలు కూడా హాయిగా తొక్కుకోవచ్చు. ఆ అలవాటుతో కట్ట మీద తొక్కితేనే ఇలాంటివి జరుగుతాయి.

అమ్మ మళ్లీ బయల్దేరేలా చేయాలంటే నాలుగు రోజులు మీరే పక్కన నడవండి. ఆవిడ ఎడమవైపు అంచున, మీరు కుడివైపు. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద ఎదురొచ్చే బండ్లు కనబడేలా కుడివైపు నడవమంటారు కదా, అది రోడ్డుకి. కట్ట మీద అందరూ ఎడమే. ఆగాలన్నా, వెనక్కి తిరగాలన్నా ముందు ఒకసారి వెనక చూడమనండి. బెల్ వినబడితే తిరగకుండా, పక్కకి దూకకుండా అదే దారిలో తిన్నగా నడవమనండి, ఇది అలవాటయ్యేదాకా మీరే వెనక నుంచి పిలిచి ప్రాక్టీస్ చేయించండి. జనవరిలో ఇక్కడ ఆరున్నర దాటితేగానీ సూర్యుడు రాడు, అంతకు ముందే వెళ్తే లేతరంగు శాలువా, చేతిలో చిన్న టార్చి ఉండాలి. గేటు దగ్గర బోర్డు కూడా చదవండి, సైకిళ్లు వద్దని రాసుంటే వాచ్‌మన్‌కి చెప్పడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: నేను రోజూ సైకిల్ మీదే వెళ్తా. బెల్ కొడితే కసురుకుంటారు, కొట్టకపోతే తిడతారు. చాలామంది ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నలుగురు నలుగురుగా అడ్డంగా నడుస్తారు. ఏం చేయమంటారు? – మారతహళ్లి పాఠకుడు

జవాబు: మీ కోపం అర్థమైంది, దారంతా ఆక్రమించి నడవడం కచ్చితంగా తప్పే. అయినా ఇరవై మీటర్ల దూరంలోనే ఒక్కసారి, మెల్లగా కొట్టి, వేగం తగ్గించి చూడండి, కసురుకునేవాళ్లు సగానికి సగం తగ్గుతారు. వినబడలేదనిపిస్తే ఇంకోసారి. అప్పటికీ లేదంటే కాలు కింద పెట్టి, ‘స్వల్ప జాగ బిడి’ (కాస్త దారి ఇవ్వండి) అని కన్నడలో అడగండి, ఇక్కడ ఆ మూడు మాటలు చేసే పని గట్టి బెల్ చేయదు. దాటేది కుడివైపు నుంచే, చేయి చాపినా తగలనంత ఎడం ఉంచి. చోటు లేకపోతే దిగి తోసుకెళ్లండి. పిల్లలు కనబడితే బెల్‌ని నమ్ముకోవద్దు, వాళ్లు ఎటు పరిగెత్తుతారో వాళ్లకే తెలియదు. వాన పడ్డాక నాచు పట్టిన టైల్స్ మీద, తడి ఆకుల మీద బ్రేక్ గట్టిగా పట్టారో చక్రం జారిపోతుంది. హెడ్‌లైట్ కాస్త నేల వైపు వంచండి, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొట్టకూడదు.

ప్రశ్న: మా కుక్క ఎవర్నీ ఏమీ అనదు. అయినా తాడు కావాలా? – బెళ్లందూరు పాఠకురాలు

జవాబు: కావాలండీ, అదీ పొట్టిది. పొడుగు తాడైతే మీరు ఎడమ అంచున, కుక్క కుడి అంచున, మధ్యలో మోకాలి ఎత్తున తాడు. పొద్దున మసక వెలుతురులో సైకిల్ మీద వచ్చేవాళ్లకి మీరూ కనబడతారు, కుక్కా కనబడుతుంది, తాడే కనబడదు. కుక్కని మీకు ఎడమవైపే నడిపించండి.