గుండె వార్డులో నర్సుగా చేరిన మా చెల్లి కూతురికి

అమ్మాయీ,

నీకు ఐసీసీయూలో (గుండె జబ్బుల ఇంటెన్సివ్ కేర్) పోస్టింగ్ ఇచ్చారని మీ అమ్మ చెప్పింది. రిథమ్‌లు గుర్తుపట్టడం కాలేజీలో నేర్చుకున్నావు కాబట్టి ఆ పాఠం మళ్లీ చెప్పను. పేషెంటు గుండె కొట్టుకునే తీరు చూపే మానిటర్ మోగితే వార్డులో అందరూ నమ్మి పరుగెత్తేలా దాన్ని ఎలా ఉంచుకోవాలో మాత్రం రాస్తున్నాను.

ముందు ఛాతీ మీద అంటించే ఎలక్ట్రోడ్ స్టిక్కర్ల సంగతి. ఊరికే మోగే అలారాలు చాలావరకు ఇక్కడే పుడతాయి. ఛాతీ మీద నూనె, చెమట, పౌడరు ఉంటే సబ్బునీళ్లతో తుడిచి, ఆరనిచ్చి, పొడి గాజ్ ముక్కతో కాస్త రుద్దు. స్పిరిట్ వాడకు, చర్మం ఎండిపోతుంది. వెంట్రుకలు క్లిప్పర్‌తో తియ్యి, బ్లేడు వద్దు. స్టిక్కర్లు రోజూ మార్చు. ఎప్పుడో తెరిచి వదిలేసిన ప్యాకెట్‌లో జెల్ ఎండిపోయి ఉంటుంది, అవి పారేయి. ఆడవాళ్లకైతే తెర లాగి, ఏం చేస్తున్నావో చెప్పి అప్పుడు అంటించు. ముసలివాళ్ల చర్మం చాలా పలుచన. తీసేటప్పుడు పక్క చర్మాన్ని వేలితో అదిమిపట్టి నెమ్మదిగా ఊడదియ్యి.

వైర్ల రంగులు బట్టీ పట్టకు. అమెరికా పద్ధతి కేబుల్‌లో కుడిచేతి వైరు తెలుపు, ఎడమకాలిది ఎరుపు. యూరప్ పద్ధతిలో కుడిచేతిదే ఎరుపు, తెలుపేమో ఛాతీది. ఒకే వార్డులో రెండు రకాలూ కనిపించవచ్చు. క్లిప్పు మీద అక్షరం చదివి పెట్టు.

కొత్త పేషెంటు మంచం మీదికి రాగానే పాత పేషెంటును మానిటర్‌లోంచి డిశ్చార్జ్ చేసి, పేరు, ఐపీ నంబరు ఎక్కించు. లేకపోతే పాతవాళ్ల అలారం హద్దులే మిగిలిపోవచ్చు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు వాడుతూ నిద్రలో 48 కొట్టుకునే మనిషికి కింది హద్దు 60 దగ్గరే ఉంచితే తెల్లవార్లూ మోగుతుంది. ఎవరో ఒకరు విసిగి దాని నోరు నొక్కేస్తారు. నాకు అన్నిటికంటే భయం అదే. అమెరికాలో ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013లో ఒక హెచ్చరిక జారీ చేసింది. 2009 జనవరి నుంచి 2012 జూన్ దాకా అలారాలకు సంబంధించి తమకు తెలిసిన 98 ఘటనల్లో 80 మంది ప్రాణాలు పోయాయని అందులో ఉంది. అలారం ఆపేసి ఉండటం, హద్దులు సరిగా పెట్టకపోవడం, మోత వినపడకపోవడం లాంటివే కారణాలు. హద్దు మార్చాలనిపిస్తే డ్యూటీ డాక్టర్‌ని అడిగి, కేస్ షీట్‌లో రాసి మార్చు. అసిస్టోల్ (గుండె ఆగిపోవడం), వీటీ, వీఎఫ్ (ప్రాణం తీసే గుండె లయ తప్పడాలు) అలారాల జోలికి మాత్రం వెళ్లకు.

మోగగానే మనిషిని చూడు. పిలువు, నాడి పట్టుకో. గీత చదునుగా ఉన్నా ఆయన నీతో మాట్లాడుతుంటే ఏదో వైరు ఊడినట్టే. పళ్లు తోముకుంటున్నా, చలికి వణుకుతున్నా తెర మీద వీటీలాగే కనిపించవచ్చు. ఆక్సిజన్ క్లిప్పు అల నిలకడగా ఉందా చూడు, స్ట్రిప్ తీసి డాక్టర్‌కి చూపించు. దీనికి తిరగబడిన సంగతీ ఉంది: తెర మీద రిథమ్ చక్కగా నడుస్తున్నా నాడి అందకపోవచ్చు. అది పీఈఏ, అంటే గుండెలో విద్యుత్తు ఉన్నా రక్తం కొట్టడం లేదు. తెర చూస్తూ నిలబడకుండా సీపీఆర్ మొదలుపెట్టాలి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లలో మానిటర్ దాని స్పైక్‌నే (తెర మీద సన్నటి నిలువు గీత) గుండె చప్పుడుగా లెక్కపెట్టవచ్చు. రక్తంలో పొటాషియం పెరిగి, ఈసీజీలో ప్రతి కొట్టుడు చివర వచ్చే టీ అల ఎత్తుగా లేస్తే దాన్నీ లెక్కలో వేసి 70ని 140 అని చూపవచ్చు. అంకె మీద అనుమానం వస్తే స్టెతస్కోపు పెట్టి నిండా ఒక నిమిషం లెక్కపెట్టు.

ఛాతీనొప్పి అంటే మానిటర్‌లో ఎస్‌టీ భాగం (గుండెకు రక్తం తగ్గితే ఈసీజీ గీతలో మారేది) బాగానే ఉందిలే అని ఊరుకోవద్దు. దాని ఫిల్టర్లు ఎస్‌టీ ఆకారాన్ని మార్చగలవు. వెంటనే 12 లీడ్ల ఈసీజీ తియ్యాలి.

ఎంఆర్‌ఐకి పంపేముందు మామూలు స్టిక్కర్లు, వైర్లు అన్నీ తీసేయి, చర్మం కాలుతుంది. గుండెకు షాక్ ఇచ్చే ప్యాడ్ స్టిక్కర్ మీద పడకూడదు. చిరిగిన కేబుల్, వదులైన ప్లగ్ కనిపిస్తే టేపు చుట్టకుండా, పరికరాలు బాగుచేసే బయోమెడికల్ వాళ్లకు ఇచ్చేయి. క్యాథ్‌ల్యాబ్‌కి (గుండె రక్తనాళాల పరీక్ష గది) తీసుకెళ్లేముందు మానిటర్ బ్యాటరీ చూసుకో.

అటెండర్లు మనిషిని వదిలేసి తెరనే చూస్తూ కూర్చుంటారు. విసుక్కోకు. మంచం ఎక్కిన మొదటి గంటలోనే, వైరు కదిలినా మోగుతుందనీ, మోగిన ప్రతిసారీ నువ్వు వచ్చి చూస్తావనీ, బాత్రూమ్‌కి వెళ్లాలంటే వైర్లు వాళ్లే పీకకుండా నిన్ను పిలవాలనీ చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ